పాడి, వాటా, చెడు ఏడాది: కరువు సహాయంగా పశుపంపిణీపై గోదావరి మండలాల నుంచి ఒక విమర్శ

ఉపోద్ఘాతం

కరువు దెబ్బతిన్న గ్రామీణ స్త్రీకి ఒక పాడిగేదెనో, నాలుగు మేకలనో ఇచ్చి ఆమె బతుకుతెరువును తిరిగి నిలబెట్టవచ్చుననే ఆలోచన స్వాతంత్ర్యానంతర గ్రామీణాభివృద్ధి చరిత్రలో పదేపదే తిరిగి వచ్చింది. 1978లో మొదలై 1980లో దేశంలోని అన్ని బ్లాకులకూ విస్తరించిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకంలో పేదలకు ఇప్పించిన ఆస్తుల్లో పాడిపశువుదే ప్రధాన స్థానం. 2006లో రైతుల ఆత్మహత్యలు అధికంగా జరిగిన 31 జిల్లాలకు ప్రధానమంత్రి ప్రకటించిన పునరావాస ప్యాకేజీలోనూ పాడిపశువు ఉంది. 2020 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వైఎస్సార్ చేయూత కరువు పథకం కాదు. అయినా 45 నుంచి 60 ఏళ్ల లోపు బడుగు వర్గాల స్త్రీలకు ఏటా 18,750 రూపాయల చొప్పున నాలుగేళ్లలో 75,000 రూపాయలు ఇస్తూ, ఆ సొమ్ముకు బ్యాంకు రుణం జోడించి పశువులు కొనుక్కొమ్మని ప్రోత్సహించింది. పథకాల పేర్లు మారాయి, ప్రభుత్వాలు మారాయి. పశువు మాత్రం మారలేదు.

ఈ పథకాలపై వచ్చిన సమీక్షలు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తాయి. ఎన్ని పశువులు పంచారు? అవి అర్హులకే చేరాయా? ఎన్ని లీటర్ల పాలు పెరిగాయి? ఇవి అక్కర్లేని ప్రశ్నలు కావు. అయితే కరువు సహాయం విషయంలో వీటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మళ్లీ చెడు ఏడాది వచ్చినప్పుడు ఆ పశువు నష్టాన్ని ఎవరు మోస్తారు? ఈ వ్యాసం పశుపంపిణీ భావనను ఆ ప్రశ్న ఎదుట నిలిపి పరిశీలిస్తుంది. అందుకు ఎంచుకున్న ప్రాంతం గోదావరి డెల్టా, దానికి ఎగువన ఉన్న తూర్పు గోదావరి మన్యం.

కరువు పటంలో లేని చోటు

కరువు గురించి మాట్లాడడానికి గోదావరి డెల్టాను ఎంచుకోవడం విడ్డూరంగా తోచవచ్చు. కానీ ఈ డెల్టా పుట్టుకలోనే కరువు ఉంది. నందన నామ సంవత్సరపు కరువు (1832-33) గుంటూరు సీమను ఎంత నాశనం చేసిందో చరిత్రకారులు విస్తారంగానే రాశారు. అప్పటి రాజమండ్రి జిల్లాను కూడా అది వదల్లేదు. 1821లో 7 లక్షల 38 వేలుగా నమోదైన ఆ జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కరువొక్కటే దానికి కారణం కాదు. వలసలు, శిస్తు భారం, 1839 నాటి కోరంగి తుఫాను కూడా ఆ లెక్కలో ఉన్నాయి. ఆ నేపథ్యంలోనే ఆర్థర్ కాటన్ నివేదికలు వెలువడ్డాయి. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పనులు మొదలై 1852లో పూర్తయ్యాయి. అంటే డెల్టాలో కరువు సహాయం పశువు రూపంలో కాక నీటి రూపంలో వచ్చింది. నీళ్లొచ్చాక వరి వచ్చింది, వరి వెంట గడ్డి, గడ్డి వెంట గేదె వచ్చాయి. ఈ క్రమం గమనార్హం. తరువాతి పథకాలు దీన్ని తలకిందులు చేశాయి. గేదెను ముందు ఇచ్చి, గడ్డీ నీళ్లూ అవే సమకూరుతాయని ఆశించాయి.

కాలువ ఎక్కని భూముల సంగతి వేరు. 2006 ప్యాకేజీలోని 31 జిల్లాల్లో 16 నాటి ఆంధ్రప్రదేశ్‌వే. వాటిలో రెండు గోదావరి జిల్లాలూ లేవు. జిల్లాను కొలమానంగా పెట్టుకుంటే రంపచోడవరం, అడ్డతీగల, మారేడుమిల్లి, వై. రామవరం మండలాల కొండవాలు పొలాలు కోనసీమ వరిపొలాలతో కలిసి సగటులో కరిగిపోతాయి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి ఈ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరేదాకా ‘అన్నపూర్ణ’ అనే బిరుదు వాటి మీద కూడా కప్పి ఉంది. వాన తప్పితే పోడు పండని కొండరెడ్డి కుటుంబానికి ఆ బిరుదు వల్ల ఒరిగిందేమీ లేదు.

గడ్డి ఎవరిది?

డెల్టాలో గేదె బతకడానికి ఏమేం కావాలో చూస్తే పశుపంపిణీలోని మొదటి లోపం బయటపడుతుంది. ఎండు వరిగడ్డి కడుపు నింపుతుందే తప్ప పాలివ్వదు. దానికి తోడు పచ్చిమేత, తవుడు, తెలగపిండి కావాలి. దాళ్వా విస్తరించక ముందు సార్వా కోతల తరువాత చేలల్లో చల్లిన పిల్లిపెసర, జనుము ఆ పచ్చిమేత అవసరాన్ని చాలావరకు తీర్చేవి. రెండో పంటగా కూడా వరే వచ్చిన చోట వాటికి జాగా తగ్గింది. వరికోత యంత్రం వచ్చాక గడ్డి చేలో చెల్లాచెదురుగా పడుతోంది. దాన్ని కట్టలు కట్టించడానికి మరో యంత్రం, మరో ఖర్చు. చేపల, రొయ్యల చెరువులుగా మారిన భూముల్లో గడ్డీ లేదు, మేతా లేదు. వేసవిలో కాలువలు కట్టేసే రోజుల్లో గేదెను కడగడానికి కూడా నీళ్లు వెతుక్కోవాలి.

ఇవన్నీ పశువులున్న ప్రతి ఇంటికీ ఉన్న ఇబ్బందులే. కానీ భూమి ఉన్న ఇంట్లో గడ్డివాము ఉంటుంది. పథకం కింద గేదె పొందే స్త్రీ చాలా తరచుగా భూమిలేని కూలీ, అందులోనూ దళిత కుటుంబానికి చెందిన మనిషి. ఆమె గేదెకు మేత అంటే పరాయి చేల గట్ల మీద కోసుకొచ్చే గడ్డి. అది ఆమె హక్కు కాదు, చేను గలవాడి అనుమతి. ఏ చేలో కలుపు తీసిందో, ఏ చేలో నాట్లు వేసిందో ఆ చేల గట్టే ఆమెకు దొరుకుతుంది. కలుపుమందులు వాడకంలోకి వచ్చాక కలుపుకూలీతో పాటు గట్టు గడ్డీ తగ్గింది. కనుక గేదె యాజమాన్య పత్రం మీద ఆమె పేరున్నా, ఆ గేదె ఆకలి మీద అధికారం మరొకరిది. గేదె వచ్చిన తరువాత ఆమె భూయజమానిపై మునుపటికన్నా ఎక్కువగా ఆధారపడే అవకాశముంది. పశుపంపిణీ సాధికారతకు సోపానమని ఏకరువు పెట్టే పత్రాలు ఈ సంగతిని ప్రస్తావించకపోవడం చిన్న లోపం కాదు.

కరువు ఏడాదిలో ఇదే చిత్రం మరింత ముదురుతుంది. వాన తప్పినప్పుడు మెట్ట ప్రాంతాల్లో ముందుగా పెరిగేది గడ్డి ధర, పడిపోయేది పశువు ధర. అందరూ ఒకేసారి అమ్మజూపుతారు కాబట్టి సంత నిండా పశువులుంటాయి, కొనేవాళ్లుండరు. ఆపదలో ఆదుకునే ఆస్తిగా చెప్పుకునే పశువు, సరిగ్గా ఆ ఆపదలోనే విలువ కోల్పోతుంది. బంగారానికి ఈ బలహీనత ఇంతగా లేదు. కరువును ఎదుర్కోవడానికి పశువును ఎంచుకున్న విధానకర్తలు ఈ సాధారణ సత్యాన్ని సంతలో ఏ దళారిని అడిగినా తెలుసుకునేవారు.

లెక్కలోకి రాని శ్రమ

గేదె పెంపకానికి అయ్యే శ్రమ రెండో లోపం. తెల్లవారకముందే పాలు పితకడం, పేడ ఎత్తడం, గడ్డి కోయడం, కుడితి పెట్టడం, కడగడం, సాయంత్రం మళ్లీ పాలు. ఈ పనుల్లో అధికభాగం స్త్రీలదే. పథకాల అంచనాల్లో దాణాకు ధర ఉంటుంది, మందులకు ధర ఉంటుంది, ఈ శ్రమకు మాత్రం ఉండదు. ఉత్తరప్రదేశ్ గ్రామాల సమాచారం ఆధారంగా సంతోష్ అనగోల్, ఆల్విన్ ఎటాంగ్, డీన్ కార్లన్ 2013లో వెలువరించిన అధ్యయనం కుటుంబ శ్రమకు కూలిరేటు వేసి లెక్కకట్టింది. సగటున ఆవు మీద రాబడి మైనస్ 64 శాతం, గేదె మీద మైనస్ 39 శాతం అని తేలింది. శ్రమకు వెల కట్టకపోతే చిత్రం చాలా మారుతుంది. అంటే పశుపంపిణీ లాభసాటిగా కనిపించడమన్నది స్త్రీ శ్రమను సున్నాగా రాయడం మీద ఆధారపడి ఉంది.

తెలుగు నేల మీద జరిగిన మరో పరిశీలన ఇంతకన్నా ఆలోచింపజేస్తుంది. కరువు తరచుగా పలకరించే మెదక్ జిల్లాలో ఎస్‌కేఎస్ సంస్థ నిరుపేద స్త్రీలకు పశువులు, శిక్షణ ఇచ్చిన కార్యక్రమాన్ని జొనాథన్ మోర్డక్, షమికా రవి, జొనాథన్ బోషే పరిశీలించారు. పశువులు పొందిన కుటుంబాలకూ పొందని కుటుంబాలకూ మధ్య చివరికి చెప్పుకోదగిన తేడా కనబడలేదు. గేదెల పనిలో పడిన స్త్రీలు వ్యవసాయ కూలి తగ్గించుకున్నారు. సరిగ్గా ఆ కాలంలో కూలిరేట్లు పెరుగుతున్నాయి. ఒక చేత్తో వచ్చింది మరో చేత్తో పోయింది. కొందరు పశువులను అమ్మి అప్పులు తీర్చుకున్నారు. ఈ చివరి అంశాన్ని పథకం దుర్వినియోగంగా చదివే అలవాటు అధికార వర్గాల్లో ఉంది. ఆ చదువు తప్పు. తనకు ఏది ముందు అవసరమో ఆ స్త్రీ చెప్పిన తీరుగా దాన్ని చదవడమే సబబు.

మరోవైపు ఇలాంటి కార్యక్రమాలు ఫలించిన దాఖలాలు కూడా ఉన్నాయి. భారత్‌తో సహా ఆరు దేశాల్లోని కార్యక్రమాలపై 2015లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు ప్రచురించిన ఫలితాలు సగటున నిలకడైన మేలు జరిగిందని చూపాయి. ఆ కార్యక్రమాల్లో ఆస్తితో పాటు కొన్ని నెలల పాటు తిండిఖర్చుకు నగదు, తరచూ ఇంటికొచ్చే కార్యకర్త, వైద్య సహాయం ఉన్నాయి. అంటే తొలి ఏడాది నష్టాన్ని పశువు పొందిన మనిషి ఒంటరిగా మోయలేదు. ఫలితాల్లోని తేడాకు అనేక కారణాలుండవచ్చు గానీ, పశువును మాత్రమే చూసి ఈ కార్యక్రమాలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల అసలు పాఠం జారిపోతుంది.

రుణంతో ముడిపడిన గేదె కథ దీనికి పూర్తిగా భిన్నం. సబ్సిడీ పోగా మిగిలినది బ్యాంకు అప్పు. గేదె వట్టిపోయినా, దూడ చనిపోయినా, గొంతువాపు వచ్చి గేదే పోయినా వాయిదా ఆగదు. బీమా ఉంటుంది, కానీ చెవికి వేసిన బిళ్ల లేకపోతే బీమా సొమ్ము రాదు. పొదల్లో మేసే గేదె చెవి నుంచి బిళ్ల ఊడిపోవడం ఎంత తేలికో పశువులు కాసినవారికి చెప్పనవసరం లేదు. 1985లోనే నీలకంఠ రథ్ సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకంపై చేసిన విమర్శలో పేదలకు ఆస్తినిచ్చి స్వయం ఉపాధిదారులుగా మార్చడమనే మార్గాన్నే ప్రశ్నించారు. ఆ విమర్శ తరువాత నలభై ఏళ్లు గడిచాయి.

మాటల్లో దాగిన తగువు

పథకాల భాషను తెలుగు పల్లెభాష పక్కన పెట్టి చూడడం ఇక్కడ ఉపయోగకరం. పథకపత్రాల్లో పశువు ‘యూనిట్’, స్త్రీ ‘లబ్ధిదారు’. యూనిట్ అంటే ఒకదాని బదులు మరొకటి పెట్టగలిగినది. లబ్ధిదారు అంటే పొందేది తప్ప చేసేదేమీ లేని మనిషి. కోస్తా పల్లెల్లో పశువులను ‘సొమ్ములు’ అనడం ఉంది. ఆస్తి అన్న భావం తెలుగు మాటలోనూ లేకపోలేదు. కానీ ‘గొడ్డు’ అన్న మాటకు పశువు అనే అర్థంతో పాటు ఈననిది అన్న అర్థమూ ఉంది. పశువు ఎప్పుడైనా వట్టిపోవచ్చునన్న ఎరుక ఆ పేరులోనే ఉంది. ‘పాడి’కి పాలిచ్చే గుణమనీ, న్యాయమనీ రెండర్థాలు. నిఘంటువు దృష్టితో ఈ రెండూ వేరువేరు మాటలే కావచ్చు. అయినా పాడి ఎవరిదన్న తగువు ఊళ్లో తలెత్తినప్పుడు రెండర్థాలూ ఒకేసారి పలుకుతాయి. ‘యూనిట్’కు ఈ బరువు లేదు. అది వట్టిపోదు, చావదు, తగువు పడదు. నివేదికలో దాని పని పంపిణీ తేదీతోనే ముగుస్తుంది.

వాటా

తూర్పు గోదావరి మన్యంలో పశుపంపిణీకి ఆదివాసీ స్త్రీల సొంత పద్ధతి ఒకటుంది. దాన్ని వాటా అంటారు. కోళ్లు లేని స్త్రీకి, ఉన్న స్త్రీ ఒక పెట్టను పెంపుకిస్తుంది. అది పొదిగి పిల్లలు తీశాక ఆ పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. మేకల్లో, పశువుల్లో కూడా ఇలాంటి ఏర్పాట్లున్నాయి. సాగరి రాందాస్, నిత్య ఘోట్గే వంటి మహిళా పశువైద్యులు నడిపిన ఆంత్ర సంస్థ, గిరిజన దీపిక అనే ఆదివాసీ సంఘంతో కలిసి ఈ ప్రాంతంలో పనిచేస్తూ స్త్రీల పశువిజ్ఞానాన్ని, జాతి కోళ్ల పెంపకాన్ని, వాటా పద్ధతిని నమోదు చేసింది. బయటి నుంచి కొత్త నమూనా తెచ్చి రుద్దకుండా, ఉన్న పద్ధతి ఆధారంగానే పేద స్త్రీలకు కోళ్లు చేరేలా చూడడం ఆ కృషిలోని విశేషం.

ఈ వ్యాసం అడిగిన ప్రశ్నకు వాటాలో సమాధానం దొరుకుతుంది. పెట్టను పాము మింగినా, కొక్కెర తెగులు తాకినా ఇద్దరూ నష్టపోతారు. పిల్లలు బతకకపోతే పంచుకోవడానికేమీ ఉండదు. తీర్చవలసిన వాయిదా కూడా ఉండదు. ఇచ్చిన స్త్రీకి ఆ కోడి బాగోగుల మీద ఆసక్తి మిగిలే ఉంటుంది గనుక, జబ్బు చేసినప్పుడు ఆమె సలహా, ఆమె ఇంటి మందు కూడా వెంట వస్తాయి. పథకం గేదెను అప్పగించి వెళ్లిపోతుంది. వాటా వెళ్లిపోదు.

అమెరికాలో డాన్ వెస్ట్ ప్రారంభించిన హైఫర్ సంస్థ 1944లో తొలిసారి పెయ్యలను ఓడలో పంపిన నాటి నుంచి, పశువు పొందిన కుటుంబం మొదటి పెయ్యదూడను మరో కుటుంబానికి అందించాలన్న నియమం పెట్టుకుంది. ప్రపంచమంతటా దాన్ని గొప్ప ఆవిష్కరణగా చెప్పుకుంటారు. పైకి వాటాకూ దానికీ పోలిక కనబడుతుంది. కానీ అందులో దాత బయట ఉంటాడు, నష్టంలో అతనికి పాలు లేదు. వాటాలో ఇచ్చినామె, పుచ్చుకున్నామె ఒకే ఊళ్లో, ఒకే వానకు ఎదురుచూస్తుంటారు. ఈ తేడాను గుర్తించకుండా వాటాను అంతర్జాతీయ నమూనాలకు స్థానిక రూపంగా వర్ణించడం పొరపాటు.

అలాగని వాటాను ఆదర్శీకరించడమూ తగదు. మైదాన ప్రాంతంలో ఆసామి తన దూడను కూలి ఇంట్లో సగపాలుకు పెంపుకివ్వడం అందరూ ఎరిగినదే. పైకి అదీ వాటాయే. పెంచిన వాళ్ల శ్రమ మొత్తం పోసినా, అమ్మకం ధర, అమ్మే రోజు ఆసామే నిర్ణయిస్తాడు. పంచుకునేవాళ్లిద్దరి మధ్య కులం, భూమి అనే దూరాలు ఎక్కువైన కొద్దీ వాటా పాలేరుతనానికి దగ్గరవుతుంది. మన్యంలో అది నిలిచిందంటే, అక్కడి స్త్రీల మధ్య ఆ దూరాలు తక్కువగా ఉండడమే ముఖ్యకారణంగా తోస్తుంది. అందరూ కరువులో మునిగిన ఏడాది పంచుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదన్నదీ నిజమే. అక్కడ ప్రభుత్వం అవసరం. ఆ అవసరాన్ని ఏ రూపంలో తీర్చాలన్నదే చర్చ.

పొదగని కోడి

ఆ రూపం ఎలా ఉండకూడదో చెప్పడానికి పెరటికోళ్ల పథకాలే సాక్ష్యం. బెంగళూరులో రూపొందిన గిరిరాజ, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో రూపొందిన వనరాజ కోళ్లను రాష్ట్రంలో పెరటి పెంపకానికి పంచారు. ఇవి త్వరగా ఎదుగుతాయి, నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి. ఆ శాస్త్రవేత్తల కృషిని తక్కువ చేయనక్కరలేదు. కానీ వీటికి పొదిగే గుణం దాదాపు లేదు. పొదగని పెట్టను వాటాకు ఇవ్వలేరు. తరువాతి తరం పిల్లల కోసం మళ్లీ కేంద్రానికే వెళ్లాలి. గుడ్ల సంఖ్యను మాత్రమే కొలిచిన చోట ఒక సామాజిక ఏర్పాటు తెగిపోవడం ఎవరి పట్టికలోనూ కనిపించదు. పి. సాయినాథ్ 1996 నాటి గ్రంథారంభంలో చెప్పిన ఒడిశా ఉదంతం ఇందుకు మరీ విషాదకరమైన జోడు: జెర్సీ సంకరం కోసం స్థానిక ఎద్దులకు విత్తులు కొట్టించడంతో ఖరియార్ జాతి ఆ ప్రాంతంలో తుడిచిపెట్టుకుపోయింది.

మన్యపు జాతి కోడి గుడ్లు తక్కువ పెడుతుంది, కానీ పొదుగుతుంది, గద్దను ఎదిరించి పిల్లలను కాచుకుంటుంది. దాని పుంజుకు సంక్రాంతి వేళ భీమవరం చుట్టుపక్కల వేలల్లో ధర పలుకుతుంది. కాకి, డేగ, నెమలి అంటూ రంగులను బట్టి పుంజుల పేర్లు, ముహూర్తాలు చెప్పే శాస్త్రం కూడా డెల్టాలో ఉంది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం (1960) ప్రకారం పందేలు నేరమే. అయినా బరులు వెలుస్తూనే ఉన్నాయి. కొండ మీద ఆదివాసీ స్త్రీ కాపాడిన జాతికి డెల్టాలో పురుషుల జూదం ధర కడుతోందన్నది ఇబ్బందికరమైన వాస్తవం. ఆ ధరలో ఆమెకు దక్కే భాగమెంతన్నది పరిశోధకులు పట్టించుకోవలసిన విషయం.

ఆ స్త్రీకి ప్రభుత్వం నుంచి కావలసినది చాలా చిన్నది. కొక్కెర తెగులు టీకా సీసాలో సాధారణంగా వంద లేదా అంతకు మించిన మోతాదులుంటాయి. నాలుగు పెట్టలున్న ఇంటికి ఒక సీసా తెరిస్తే మిగతాది వృథా. ఊరంతా ఒకే తెల్లవారుజామున, కోళ్లను గంపల కింది నుంచి వదలక ముందే, చల్లదనం చెడని టీకా అందాలి. అది ఎవరికీ ఆస్తిగా ఇచ్చేది కాదు, ఫోటో దిగేదీ కాదు. వాటాలో ఉన్న ప్రతి కోడి నష్టాన్నీ అది ఒకేసారి తగ్గిస్తుంది.

ఇప్పుడు ఈ మన్యంలో కొంతభాగానికి మరో పరీక్ష వచ్చింది. పోలవరం ముంపు వల్ల దేవీపట్నం మండల గ్రామాలు పునరావాస కాలనీలకు తరలాయి. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు పశువులున్న కుటుంబానికి కొట్టం కోసం కనీసం 25,000 రూపాయలు ఇవ్వాలంటుంది. మూడో షెడ్యూలు కొత్త కాలనీలో పశువుల తాగునీటిని, మేతభూమిని ప్రస్తావిస్తుంది. చట్టం ఇంతదాకా చూడడం అభినందనీయమే. కానీ అది చూసేది పశువు ‘కలిగిన’ కుటుంబాన్ని. వేరొకరి మేకను వాటాకు పెంచుతున్న స్త్రీ ఇంట్లో ఆ జాబితా తయారయ్యే రోజున మేక ఉంటుంది, ఆమె పేరు మాత్రం ఉండదు. మేకను ఇచ్చినామె వేరే కాలనీకి వెళ్లి ఉండవచ్చు కూడా.